చెన్ తైచీ నేర్చుకునే క్రమం: పుట్టిన ఊరి చరిత్ర నుంచి ఇంటి సాధన దాకా

చైనా యుద్ధవిద్య అయిన తైచీ నేర్చుకుందామని వచ్చేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: మొత్తం వరుస, అంటే ఒకదాని వెంట ఒకటిగా కూర్చిన కదలికలన్నీ, ఎన్నాళ్లలో వస్తుంది? కదలికలు గుర్తుపెట్టుకోవడం వరకే అయితే శ్రద్ధ ఉన్నవాళ్లకు కొన్ని నెలలు చాలు. కానీ ఆ కదలికలను మోసేవి కాళ్లు, నడుము, బిగుతు వదిలిన భుజాలు. చెన్ వంశం పేరుతో సాగే శైలి అయిన చెన్ తైచీలో అసలు చదువంతా అక్కడే. అది రాకుండా ఎన్ని వరుసలు నేర్చినా చేతులు ఊపడమే అవుతుంది. అందుకే ఈ వ్యాసంలో క్రమానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. ముందు నిలబడటం, తర్వాత ఒక్క చేతిని తిప్పడం, తర్వాత అడుగు వేయడం, ఆపైనే వరుస.

మొదట ఈ విద్య ఎక్కడిదో తెలుసుకుందాం. చరిత్ర తెలిస్తే సాధనలో చాలా విషయాలు ఎందుకలా ఉన్నాయో అర్థమవుతాయి.

చెన్‌జియాగౌ: ఒక ఊరు, ఒక వంశం

చైనాలోని హెనాన్ ప్రావిన్సులో, పసుపు నదికి ఉత్తరాన, వెన్ కౌంటీలో చెన్‌జియాగౌ అనే ఊరుంది. నది దాటి దక్షిణంగా వెళ్తే సాంగ్ పర్వతం, అక్కడే షావోలిన్ ఆలయం. చెన్ వంశం వాళ్లు 14వ శతాబ్దం చివర్లో షాన్షీ ప్రాంతం నుంచి ఇటు వలస వచ్చారు. ఆ వంశంలో తొమ్మిదో తరం వాడు చెన్ వాంగ్‌తింగ్. మింగ్ రాజవంశం చివరి రోజుల్లో వెన్ కౌంటీలో రక్షణ దళాలకు సంబంధించిన ఉద్యోగం చేశాడు. 1644లో మింగ్ పాలన కూలిపోయాక ఊరికి చేరి, వ్యవసాయం చేసుకుంటూ పిల్లలకు, మనవలకు యుద్ధవిద్య నేర్పాడు. ఇవాళ చెన్ తైచీ అంటున్న విద్యకు మూలం అదే.

ఆయన దేన్నీ శూన్యంలోంచి పుట్టించలేదు. 16వ శతాబ్దంలో సముద్ర తీరంలో జపాన్ దొంగలతో పోరాడిన సేనాని చి జిగ్వాంగ్, తన సైనికుల కోసం అప్పటి రకరకాల ముష్టియుద్ధ పద్ధతుల నుంచి 32 భంగిమలు ఏరి గ్రంథంలో పెట్టాడు. వాటిలో చాలా పేర్లు చెన్ వరుసల్లో కనిపిస్తాయి. ఆ 32లో మొట్టమొదటిది లాన్ జా యీ. ఇవాళ చెన్ తైచీలో చేరినవాళ్లు మొదటి వారాల్లో నేర్చుకునేదీ అదే. ఈ సైనిక విద్యకు చైనా పాత ఆధ్యాత్మిక మార్గమైన తావో సంప్రదాయంలోని శ్వాస సాధనలు, చైనా వైద్యంలోని నాడీ మార్గాల ఆలోచన కలిశాయి. బయటికి మెత్తగా కనిపిస్తూ లోపల బలం దాచుకున్న పద్ధతి అలా తయారైంది.

తైచీని వూదాంగ్ కొండల మీద జాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సాధువు కనిపెట్టాడని మరో కథ బాగా ప్రచారంలో ఉంది. కథగా బాగుంటుంది కానీ దానికి చారిత్రక ఆధారాలు లేవు. 1930లలో తాంగ్ హావ్ అనే చరిత్రకారుడు చెన్‌జియాగౌ వెళ్లి అక్కడి వంశ పత్రాలు పరిశీలించి, మూలం చెన్ వాంగ్‌తింగే అని రాశాడు. చైనాలో ఈ వాదన ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. అయినా పాత పత్రాల బలం చెన్‌జియాగౌ వైపే ఉంది. మన దగ్గర చైనా యుద్ధవిద్య అనగానే బోధిధర్ముడి పేరు తెస్తారు. ఆ కథ షావోలిన్ చుట్టూ అల్లుకున్నది, దాన్ని కూడా చరిత్రకారులు నమ్మరు. తైచీకి మాత్రం ఆయన పేరుతో ఏ సంబంధమూ లేదు.

ఈ విద్యను ఇప్పుడున్న ఆకారంలోకి తెచ్చినవాడిగా 14వ తరానికి చెందిన చెన్ చాంగ్‌షింగ్‌ను (1771-1853) చెప్పుకుంటారు. పాత వరుసలన్నీ కుదించి రెండు చేశాడు. మొదటిది నెమ్మదిగా సాగే యీలు. రెండోది వేగంగా, విరుపులతో సాగే పావ్‌చుయ్. ఆయన బయటివాడైన యాంగ్ లూచాన్‌కు (1799-1872) నేర్పడం పెద్ద మలుపు. యాంగ్ బీజింగ్ వెళ్లి రాచకుటుంబీకులకు నేర్పాడు. ఆ శాఖ నుంచే యాంగ్ శైలి వచ్చింది. ఊ పేరుతో రెండు శైలులు, సున్ శైలి కూడా నేరుగానో చుట్టుతిరిగో ఈ మూలం నుంచే వచ్చాయి. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా కమిషన్ తయారుచేయించిన 24 కదలికల వరుస యాంగ్ శైలిని కుదించినది. మన పార్కుల్లో, యోగా సెంటర్లలో తైచీ పేరుతో ఎక్కువగా కనిపించేది అదే. చెడ్డదేమీ కాదు, కానీ చెన్ తైచీ వేరు.

ఊళ్లోనే ఉండిపోయిన విద్య 1928లో బీజింగ్ చేరింది. చెన్ ఫాకే (1887-1957) అక్కడ నేర్పడం మొదలుపెట్టేదాకా తైచీలో కాలు నేలకేసి కొట్టడాలు, ఒక్కసారిగా బలం విసరడాలు ఉంటాయని బీజింగ్‌లో చాలామందికి తెలియదు. ఆయన గురించి శిష్యపరంపరలో ఒక కథ చెప్పుకుంటారు. చిన్నప్పుడు ఆరోగ్యం సరిగా ఉండేది కాదు, సాధనా అంతంతమాత్రమే. ఒకరోజు అన్న వరసయ్యే అతనితో పొలానికి వెళ్తూ ఏదో మరిచిపోయాడు. “వెళ్లి తెచ్చుకో, నేను మెల్లగా నడుస్తుంటాలే” అన్నాడు అన్న. పరుగున వెళ్లి తెచ్చుకుని అన్నను అందుకున్నాక ఆ అబ్బాయికి తట్టిందట: విద్యలో కూడా అన్న నడిచే వేగం ఇదే, నేను పరుగెత్తితే అందుకుంటాను. అప్పటినుంచి పగలూ రాత్రీ సాధన చేశాడు. పెద్దయ్యాక కూడా మొదటి వరుస రోజుకు 30 సార్లు చేసేవాడని శిష్యులు చెప్పారు.

1958లో చెన్ జావోపీ (1893-1972) ఊరికి తిరిగొచ్చేసరికి అక్కడ నేర్పేవాళ్లే కరువయ్యారు. ఆయన ముసలితనంలో, సాంస్కృతిక విప్లవం నాటి వేధింపుల మధ్య కూడా కుర్రాళ్లను కూర్చుకుని నేర్పాడు. ఆ కుర్రాళ్లే చెన్ షియావోవాంగ్, చెన్ జెంగ్‌లేయ్, వాంగ్ షీఆన్, జూ త్యెన్‌సాయ్. ఇవాళ ప్రపంచంలో చెన్ తైచీ నేర్పే గురువుల్లో చాలామంది పరంపర ఈ నలుగురిలో ఎవరో ఒకరి దగ్గరికి చేరుతుంది. 2020 డిసెంబరులో యునెస్కో తైచీని మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

నెమ్మదిగా ఎందుకు చేస్తారు

వేగంగా చేస్తే తప్పులు కనబడవు. బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారేటప్పుడు మధ్యలో ఎక్కడో తుంటి బిగుసుకుంటుంది, మోకాలు లోపలికి వాలుతుంది, భుజం లేస్తుంది. అర సెకనులో చేస్తే ఊపు వాటన్నిటినీ కప్పేస్తుంది. అదే పది సెకన్లు తీసుకుంటే ప్రతిదీ బయటపడుతుంది. నెమ్మది అనేది తప్పు పట్టుకునే సాధనం. పట్టుకుని సరిచేశాక ఆ దారిలోనే వేగం వస్తుంది, దెబ్బలో బలం వస్తుంది.

చెన్ తైచీకి గుండెకాయ లాంటి సాధన పేరు చాన్‌స్‌జిన్, అంటే పట్టుపురుగు గూటి నుంచి దారం తీసే బలం. ధర్మవరం, హిందూపురం వైపు పట్టు దారం తీయడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. గుంజితే తెగుతుంది, ఆపితే చిక్కుపడుతుంది. ఒకే వేగంతో, తిప్పుతూ, ఆగకుండా తీయాలి. ఇక్కడ దారం మడమ నుంచి మొదలై మోకాలు, తుంటి, నడుము, భుజం, మోచేయి మీదుగా వేళ్ల కొసకు వెళ్తుంది. మళ్లీ వెనక్కి వస్తుంది. ఏ కీలు దగ్గర బిగుసుకున్నా అక్కడ తెగినట్టే.

మొదలుపెట్టే ముందు

ఖర్చు పెద్దగా లేదు. ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చదునైన చోటు ఉంటే మొదటి కొన్ని నెలలు గడిచిపోతాయి. డాబా మీద సిమెంటు నేల బాగుంటుంది. నున్నటి టైల్స్ మీద సాక్సులతో చేయొద్దు, జారిపడతారు. జిమ్‌లో వేసే మెత్తటి మ్యాట్ కూడా వద్దు, అరికాలు తిరగాల్సినప్పుడు పట్టేసుకుంటుంది, ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. పల్చటి, చదునైన అడుగు ఉన్న క్యాన్వాస్ బూట్లు చాలు. మడమ ఎత్తుగా ఉండే రన్నింగ్ షూస్‌తో నిలబడితే శరీరం ముందుకు తూలుతుంది. ప్యాంటు తొడల దగ్గర వదులుగా ఉండాలి.

వేళ విషయానికొస్తే, మన ఎండలకు పొద్దున్న ఏడు లోపే మేలు. భోజనం అయ్యాక కనీసం గంటన్నర ఆగాలి. చెమట పట్టి ఉండగానే ఫ్యాన్ కిందో ఏసీలోనో కూలబడొద్దని, చల్లటి నీళ్లు తాగొద్దని చైనా గురువులు గట్టిగా చెబుతారు. ఒక ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచి ఆ తర్వాత కూర్చోండి.

మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, నడుములో డిస్క్ సమస్య ఉన్నవాళ్లు, తలతిరుగుడు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి. తైచీ నిలకడను పెంచుతుందనడానికి మంచి వైద్య పరిశోధనలే ఉన్నాయి. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో పార్కిన్సన్స్ ఉన్న 195 మందిని మూడు జట్లు చేశారు. 24 వారాల తర్వాత చూస్తే తైచీ చేసిన జట్టుకు మిగతా రెండు జట్లకంటే నిలకడ బాగా పెరిగింది. అయితే వాళ్లు చేసింది రోగుల కోసం ప్రత్యేకంగా అమర్చిన తేలిక కదలికలు. చెన్ తైచీలో లోతుగా కూర్చునే భంగిమలు, గెంతులు ఉంటాయి కాబట్టి ఆ ఫలితాన్ని చూసి పెద్దవాళ్లను నేరుగా ఇందులోకి దించొద్దు.

మొదటి మెట్టు: నిలబడటం

దీన్ని జాన్ జువాంగ్ అంటారు. కొత్తవాళ్లు ఎక్కువగా దాటేసేదీ, పాతవాళ్లు ఎప్పటికీ వదలనిదీ ఇదే.

పాదాలు భుజాల వెడల్పున, దాదాపు సమాంతరంగా ఉంచండి. వెనక ఒక ఎత్తైన స్టూల్ పెట్టుకోండి. దాని మీద కూర్చోబోయి, పిరుదులు అంచుకు తగలగానే ఆగండి. అప్పుడు గజ్జల దగ్గర ఒక మడత పడుతుంది. చైనా గురువులు ‘క్వా’ అని పదేపదే అనేది ఈ చోటునే. స్టూల్ తీసేసినా ఆ మడత పోకూడదు. మోకాళ్లు కొద్దిగానే వంగుతాయి, కాలి వేళ్లను దాటి ముందుకు రావు. వెన్నెముక చివరి ఎముక నేల వైపు చూడాలి, పిరుదులు వెనక్కి పొడుచుకు రాకూడదు. అలాగని బలవంతంగా ముందుకు తోసి నడుము చదును చేయకండి, అదీ బిగుతే.

ఇక పైభాగం. నడినెత్తి కొద్దిగా పైకి, గడ్డం కాస్త లోపలికి. నాలుక కొస పై అంగిలికి తాకి ఉండాలి. ఛాతీని విరవొద్దు, భుజాలు కిందికి వదిలేయండి. రెండు చేతులు పొట్టకూ ఛాతీకీ మధ్య ఎత్తులో, ముందుకు గుండ్రంగా ఉంచండి. అరచేతులు మీ వైపు, మోచేతులు మణికట్ల కంటే కిందికి. చంకల్లో కొద్దిగా ఖాళీ ఉండాలి. కళ్లు సగం తెరిచి ఉంచినా, మూసినా పర్లేదు. ముక్కుతో మామూలుగా గాలి పీల్చండి. శ్వాసను లెక్కపెట్టడం, ఆపడం ఏదీ వద్దు.

మొదటి వారం ఐదు నిమిషాలు. తర్వాత వారానికి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ ఇరవైకి వెళ్లండి. మూడో నిమిషంలోనే తొడలు వణుకుతాయి. అది మంచిదే, అక్కడ బలం పెరుగుతోంది. భుజాలు మండుతున్నాయంటే వాటిని మీరు ఎత్తి పట్టుకున్నారన్నమాట. ఒకసారి గట్టిగా గాలి వదిలి మళ్లీ జారవిడవండి. మోకాలి లోపల నొప్పి వస్తే మాత్రం వెంటనే పైకి లేచి నిలబడాలి. బరువు పాదం మధ్యలో ఉందో లేదో చూసుకోండి. వేళ్లు నేలను గట్టిగా పట్టుకుంటున్నాయంటే మీరు ముందుకు తూలుతున్నట్టే.

నిలబడే సాధనకు గురువు చేయి చాలా అవసరం. తుంటి మీద ఒక చేయి, ఛాతీ మీద ఒక చేయి పెట్టి గురువు ఒక అంగుళం సర్దగానే బరువంతా తొడల మీదికి దిగుతుంది. అదే భంగిమలో అంతకుముందు హాయిగా ఉన్నారంటే ఎక్కడో మోసం జరుగుతోందని అర్థం.

రెండో మెట్టు: ఒక్క చేతి చాన్‌స్‌గాంగ్

ముందు కీళ్లు వదులు చేసుకోండి. మెడ, భుజాలు, మోచేతులు, మణికట్లు, నడుము, తుంటి, మోకాళ్లు, చీలమండలు, ఇలా పైనుంచి కిందికి ఒక్కోటి మెల్లగా తిప్పండి. ఆ తర్వాత ఈ సాధన, పైన చెప్పిన పట్టుదారం బలాన్ని అలవాటు చేసేది. కుడివైపు చెబుతున్నాను, ఎడమవైపు అద్దంలో చూసినట్టు మార్చుకోండి.

పాదాలు భుజాల కంటే బాగా వెడల్పుగా. కుడి మోకాలు ఎక్కువ వంచి, బరువు అటు సుమారు 60 శాతం. ఎడమ చేయి నడుము మీద, బొటనవేలు వెనక్కి. కుడి చేయి కుడివైపు చాచి ఉంటుంది, వేళ్ల కొసలు కంటి ఎత్తులో, అరచేయి బయటికి, మోచేయి కిందికి వేలాడుతూ. ఇది తెరిచిన స్థితి.

1. బరువు ఎడమ కాలి మీదికి మార్చండి. దానితోపాటే కుడి చేయి కిందికి వంపు తిరుగుతూ దిగుతుంది, అరచేయి మెల్లగా పైకి తిరుగుతుంది.
2. నడుము కొద్దిగా ఎడమకు తిప్పండి. చేయి పొట్ట ముందుకు వచ్చి చేరుతుంది. బొడ్డు కింద దాంత్యెన్ అనే చోటికి బలం తిరిగి వచ్చిందంటారు దీన్ని.
3. బరువు కుడి కాలి మీదికి మార్చండి. చేయి ఛాతీ ముందుగా ఎడమ భుజం వైపు లేస్తుంది, అరచేయి బయటికి తిరగడం మొదలవుతుంది.
4. నడుము కుడికి తిప్పండి. చేయి కంటి ఎత్తులో వంపుగా కుడివైపు తెరుచుకుని మొదటి స్థితికి వస్తుంది. ఆఖర్న భుజం, మోచేయి, తుంటి మూడూ వదిలి కొద్దిగా కిందికి కూర్చోండి.

ఈ నాలుగు మొదట విడివిడిగా, ఆగి ఆగి చేయండి. రెండు మూడు వారాల తర్వాత వాటిని కలిపి ఒకే చుట్టుగా చేయండి. చేయి దానంతట అది కదలకూడదు, నడుము కదిలితేనే కదలాలి. ఇది తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కుడి చేతిని తిప్పడం మానేసి రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని కాళ్లు, నడుము మాత్రమే కదిపి చూడండి. బరువు మార్పు, నడుము తిరగడం స్పష్టంగా విడివిడిగా వస్తున్నాయా? రాకపోతే ఇన్నాళ్లూ చేతితో నెట్టుకొస్తున్నారన్నమాట. రోజూ ఒక్కో వైపు కనీసం ఇరవై చుట్లు చేయండి. తర్వాత రెండు చేతులతో చేసేవి, పక్కకు చేసేవి వస్తాయి కానీ ఇది కుదిరితే అవి సులువు.

మూడో మెట్టు: అడుగు

చెన్ తైచీలో అడుగు ‘వేయరు’, జారుస్తారు. బరువంతా ఎడమ కాలి మీద పెట్టి, ఎడమ తుంటి కూర్చోబెట్టి, కుడి మోకాలు లేపండి. కుడి మడమ లోపలి అంచును నేలకు ఆనించి పక్కకు జార్చండి. ఎంత దూరం వెళ్లినా ఆ కాలి మీద బరువు పడకూడదు. ఏ క్షణంలోనైనా దాన్ని వెనక్కి లాక్కోగలగాలి. లాక్కోలేకపోతే అడుగు పెద్దదైంది, తగ్గించండి. జార్చడం పూర్తయ్యాకే అరికాలు ఆనించి బరువు మార్చాలి. పోట్లాటలో ఈ తేడా చాలా ముఖ్యం. బరువుతో పడే కాలిని ఎదుటివాడు తన్ని లాగేస్తే పడిపోతారు. ఖాళీ కాలిని లాగితే ఏమీ కాదు.

నాలుగో మెట్టు: మొదటి వరుస, లావోజియా యీలు

పాత పద్ధతి మొదటి వరుసలో లెక్కించే తీరును బట్టి 74 లేదా 75 భంగిమలుంటాయి. మామూలు నెమ్మదిలో చేస్తే పదిహేను నిమిషాలు పడుతుంది. నేర్చుకునేటప్పుడు వారానికి ఒకటో రెండో భంగిమలు చాలు. మొదటి ఐదారింటి దగ్గరే రెండు మూడు నెలలు ఉండిపోయినా నష్టం లేదు, ఎందుకంటే ఆ తర్వాత వచ్చేవాటిలో అవి పదేపదే వస్తాయి.

మొదటి పెద్ద భంగిమ జింగాంగ్ దావ్‌దుయ్. వజ్రధారి అయిన బౌద్ధ రక్షకుడు రోకలి దంచడం అని దాని పేరు. చివర్లో కుడి పిడికిలి ఎడమ అరచేతిలో పడుతుంది, అదే క్షణంలో కుడి పాదం నేలను తాకుతుంది. వీడియోల్లో ఆ చప్పుడు విని కొత్తవాళ్లు కూడా దభీమని కొడతారు. మొదటి ఏడాది అది వద్దు. శరీరం బిగుసుకుని ఉండగా సిమెంటు నేల మీద కొడితే ఆ దెబ్బ మోకాలికి, నడుముకు ఎక్కుతుంది. పాదం చదునుగా, చప్పుడు లేకుండా పెట్టండి. తుంటి వదులైన కొద్దీ చప్పుడు దానంతట అదే వస్తుంది.

తర్వాతది లాన్ జా యీ. పొడవాటి అంగీ కొస ఎత్తి నడుముకు దోపుకుని పోట్లాటకు సిద్ధమయ్యే భంగిమ. చేతులు విడిపోయి, పెద్ద వంపు తిరిగి ఛాతీ ముందు కలుస్తాయి. కుడి ముంజేయి కింద, అరచేయి పైకి. ఎడమ అరచేయి దాని మీద. బరువు ఎడమన ఉండగా కుడి మడమ పక్కకు జారుతుంది. బరువు కుడికి మారుతుంది, చేతులు ఇంకా కలిసే ఉంటాయి. ఇప్పుడు నడుము కుడికి తిరుగుతుంది, కుడి చేయి కంటి ఎత్తులో వంపుగా తెరుచుకుంటుంది, ఎడమ చేయి నడుముకు దిగుతుంది. గమనించారా? ఇది పైన చెప్పిన చాన్‌స్‌గాంగ్‌లోని మూడు, నాలుగు భాగాలే. ఒక్క చేతి సాధనను ఎందుకంత పట్టుకోమన్నానో ఇక్కడ తెలుస్తుంది. దీని పోరాట వాడకం కూడా ఇందులోనే ఉంది. కుడి కాలు ఎదుటివాడి కాలి వెనక్కి చేరుతుంది, భుజమూ చేయీ అతని ఛాతీ మీదుగా తెరుచుకుంటాయి, నడుము తిరిగేసరికి అతను వెనక్కి పడతాడు.

తర్వాత లియు ఫెంగ్ స్ బి, దాన్ బియెన్, బాయ్ హ లియాంగ్ చీ వస్తాయి. వీటిని కాగితం మీద చదివి నేర్చుకోలేరు, గురువు దగ్గరో, కనీసం మంచి వీడియోతోనో నేర్చుకోవాలి. ఏ భంగిమలోనైనా ముందు కాళ్లు, బరువు ఎటు మారుతోందో నేర్చుకోండి. తర్వాత నడుము ఎటు తిరుగుతోందో చూడండి. చేతులు ఆఖర్న. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

మోకాళ్ల సంగతి

తైచీ చేసి మోకాళ్లు పాడుచేసుకున్నవాళ్లున్నారు. తప్పు విద్యది కాదు, తుంటి తెరుచుకోకపోవడం వల్ల జరుగుతుంది. పాదం నేలకు అతుక్కుని ఉంటుంది, పైన నడుము తిరుగుతుంది. మధ్యలో తుంటి కీలు తిరిగితే సరే, అది బిగుసుకుని ఉంటే మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలు మడవడానికి తయారైన కీలు, మెలి తిరగడానికి కాదు.

అందుకని మోకాలు ఎప్పుడూ కాలి వేళ్లు చూసే వైపే చూడాలి, లోపలికి వాలకూడదు. పాదం తిప్పాల్సి వస్తే ముందు దాని మీది బరువు తగ్గించి, మడమ మీద తిప్పి, ఆ తర్వాతే బరువు వేయాలి. ఎంత లోతుగా కూర్చున్నా పిరుదులు మోకాళ్ల కంటే కిందికి దిగకూడదు. లోతు చూపించుకోవడానికి కాదు, తొడల్లో ఎంత బలముంటే అంతే. కొత్తవాళ్లు ఎత్తుగానే ఉండటం మంచిది. సాధన మర్నాడు తొడ కండరాలు నొప్పిగా ఉంటే ఆనందించండి. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉంటే రెండు రోజులు వరుస ఆపి, ఎత్తుగా నిలబడే సాధన ఒక్కటే చేయండి. తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి.

ఐదో మెట్టు: తుయ్‌షౌ, ఇద్దరి సాధన

ఒంటరి సాధనలో మిమ్మల్ని మీరు నమ్మించుకోవచ్చు. ఎదుట మనిషి చేయి పెట్టేసరికి నిజం తేలిపోతుంది. మొదటి వరుస ఒక దారిన పడ్డాక, అంటే సుమారు ఏడాది తర్వాత ఇది మొదలవుతుంది.

చెన్ సంప్రదాయంలో దీనికి ఐదు దశలున్నాయి. నిలబడిన చోటే చేతులు తిప్పడంతో మొదలై, అడుగులు కలుస్తాయి, తర్వాత లోతుగా కూర్చుని చేస్తారు, ఆఖర్న స్వేచ్ఛగా నడుస్తూ చేస్తారు. మొదటి దశలో ఇద్దరూ కుడి పాదం ముందుంచి, మణికట్ల వెనక భాగాలు తాకించి నిలబడతారు. ఒకరు ఛాతీ వైపు మెల్లగా తోస్తారు. రెండోవాళ్లు చేయి కూలిపోకుండా గుండ్రంగా నిలిపి, తుంటి మడిచి, నడుము తిప్పి ఆ తోపును పక్కకు దాటిస్తారు. తర్వాత అరచేయి తిప్పి తిరిగి తోస్తారు. ఇలా చుట్టు సాగుతూ ఉంటుంది.

ఇందులో గెలుపు ఓటములు లేవు. చర్మం ద్వారా ఎదుటివాళ్ల బరువు ఎటు ఉంది, బలం ఎటునుంచి వస్తోందని తెలుసుకోవడమే పని. దీన్ని ‘వినడం’ అంటారు. బలంతో ఆపితే వినపడదు, చేయి వదిలేసినా వినపడదు. ఈ గుండ్రటి నిలుపుదలకు పెంగ్ అని పేరు. దాని మీదే లూ, జీ, ఆన్, సాయ్, లియే, జౌ, కావ్ అనే మిగతా ఏడు బలాలు నిలబడతాయి: పక్కకు నడిపించడం, ఒత్తడం, నొక్కడం, లాగడం, చీల్చడం, మోచేయి, భుజం. మన దగ్గర ఇద్దరు మగపిల్లలు తుయ్‌షౌ మొదలుపెడితే మూడు నిమిషాల్లో కుస్తీ అయిపోతుంది. పక్కన పెద్దవాళ్లెవరైనా ఉండి ఆపాలి. జోడీ కుదరకపోతే కరాటే, జూడో తెలిసినవాళ్లను అడగండి, ఎదుటి మనిషి తాకిడికి వాళ్లు బెదరరు.

పావ్‌చుయ్, ఫాజిన్, ఆయుధాలు

మొదటి వరుసలో శరీరం ఒక్కటిగా కదలడం వచ్చాక రెండో వరుస పావ్‌చుయ్. నలభైకి పైగా కదలికలు, గెంతులు, వెనువెంటనే దెబ్బలు. ఇక్కడ ఫాజిన్, అంటే వదులుగా ఉన్న శరీరం నుంచి ఒక్కసారిగా బలం విసరడం ప్రధానం. కండ బిగించి గుద్దితే ఫాజిన్ కాదు, దెబ్బ చేరాక శరీరం వెంటనే వదులైపోవాలి. దీనికి సాయంగా మనిషి కంటే బాగా పొడవైన, సాగే గుణమున్న కర్ర పట్టుకుని నడుముతో కొస అదిరేలా ఊపుతారు. కత్తి, ఖడ్గం, ఈటె, పొడవాటి కర్రకు పెద్ద కత్తి బిగించిన గ్వాన్‌దావ్ వరుసలూ ఉన్నాయి. ఆసక్తి ఉంటే తర్వాత చూడొచ్చు. మొదటి రెండేళ్లలో వీటికోసం తొందరపడితే మొదటి వరుస సగంలో ఆగిపోతుంది.

రోజు ఎలా గడపాలి

గంట దొరికితే పది నిమిషాలు కీళ్లకు, పదిహేను నిలబడటానికి, పదిహేను చాన్‌స్‌గాంగ్‌కు, మిగతా ఇరవై వరుసకు ఇవ్వండి. అరగంటే ఉంటే నిలబడటం, చాన్‌స్‌గాంగ్ చేసి వరుస మర్నాటికి వాయిదా వేయండి, ఇవి రెండూ మాత్రం వదలొద్దు. ఆఫీసు టెన్షన్‌తో పది నిమిషాలే మిగిలిన రోజు నిలబడండి చాలు. ఆదివారం మూడు గంటలు చేసి వారమంతా మానేయడం కంటే రోజూ ఇరవై నిమిషాలు చాలా మేలు.

వరుస మొత్తం వచ్చాక ఒకసారి చేసి సరిపెట్టుకోవద్దు. మొదటిసారి శరీరం వేడెక్కడానికే పోతుంది. వరసగా మూడుసార్లు చేస్తే మూడోసారికి భుజాలు అలసిపోయి వాటంతట అవే దిగుతాయి. అసలు సాధన అక్కడ మొదలవుతుంది.

గురువును ఎంచుకోవడం

పరంపర అడగండి. మంచి గురువు తాను ఎవరి దగ్గర, ఎన్నాళ్లు నేర్చుకున్నాడో దాచకుండా చెబుతాడు. ఒక క్లాసు పక్కన కూర్చుని చూడండి. శిష్యుల దగ్గరికి వెళ్లి భంగిమ సరిచేస్తున్నారా, ఒక కదలిక పోరాటంలో దేనికి వాడతారని అడిగితే మనిషి మీద చూపిస్తున్నారా గమనించండి. తాకకుండానే మనుషులను పడగొడతామనేవాళ్లు, వారాంతంలో సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు వద్దు. పాత శిష్యుల మోకాళ్లు ఎలా ఉన్నాయో వాళ్లనే అడగండి, ఈ ప్రశ్నకు వచ్చే జవాబు చాలా చెబుతుంది.

మన రాష్ట్రాల్లో చెన్ తైచీ నేర్పేవాళ్లు తక్కువ. అమెరికా, యూరప్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ వెసులుబాటు ఎక్కువ, పైన చెప్పిన నలుగురి శిష్యుల బడులు అక్కడ చాలా నగరాల్లో ఉన్నాయి. ఇక్కడివాళ్లకు ఆన్‌లైన్ క్లాసు, అప్పుడప్పుడు జరిగే శిబిరాలు ఆధారం. ఆన్‌లైన్‌లో నేర్చుకునేటప్పుడు వారానికోసారి వీడియో తీసి గురువుకు పంపండి. ఫోన్‌ను నడుము ఎత్తులో పెట్టి ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీయాలి. పంపేముందు మీరే ఒకసారి చూసుకోండి: మోకాలు వేళ్ల వైపే చూస్తోందా, తుంటి దగ్గర మడత ఉందా, భుజం లేచిందా. ఈ మూడూ సరిగా ఉన్నాక చేతుల గురించి అడగండి.